గుట్ట మీద ఉండాల్సిన బండి

అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళైన డ్రైవర్లదీ అదే పిలుపు. ఇరవై రెండేళ్ళుగా కిటికీ పక్కన అదే కుర్చీ. ఊళ్ళో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ముందు వాళ్ళ గొంతు వినేది ఆమే. హెడ్‌సెట్ స్పాంజి చిరిగిపోతే, ఆఫీసువాళ్ళు కొత్తది ఇచ్చేదాకా ఆగలేక పాత రుమాలు ముక్క చుట్టి కుట్టుకుంది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "నా షిఫ్టులు చూసి పెళ్ళికొడుకులే దణ్ణం పెట్టి పారిపోయారు" అని నవ్వి, మోగుతున్న ఫోను ఎత్తేది.

నా అనేవాడు ఆమెకు ఒక్క అన్నే. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే, పదిహేడేళ్ళకే చదువు మానేసి, కుట్టుమిషన్లు బాగుచేసే పని నేర్చుకుని ఆమెను పెంచాడు. ఊరి చివర రైలు గేటు దాటాక గుట్ట మీది కాలనీలో అతని ఇల్లు. ముందు గదే దుకాణం. ఏ మిషన్ తెచ్చినా ముందు చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. "మనిద్దరిదీ ఒకే పనే చెల్లీ. రోగమేంటో విని కనిపెట్టడం" అని వేళాకోళం చేసేవాడు. వదిన నోరు కాస్త పెద్దదే. కానీ ఆడబిడ్డ సెలవుకి వస్తోందంటే ముందురోజే ఆమె దుప్పటి ఎండలో వేసేది. కూతురికి పెళ్ళై వేరే ఊరు వెళ్ళాక ఆ ఇంట్లో మూడో కంచం పెద్దక్కదే.

కంట్రోల్ రూమ్ తెర మీద ఎనిమిది చుక్కలుండేవి, ఎనిమిది బళ్ళు. బయల్దేరగానే డ్రైవరు ఒక బటన్ నొక్కాలి, చేరగానే ఇంకొకటి. పదిహేను నిమిషాలు దాటితే మెమో ఇస్తారు. అందుకని డ్రైవర్లు వీధి మొదట్లోనే, కొందరైతే ఇంకా నాలుగు మలుపులు ఉండగానే, 'చేరాం' అని నొక్కేసేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ తెరను నమ్మి ఆమె ఒకాయనతో, "బండి మీ గుమ్మం ముందే ఉందండీ, చూడండి" అంది. ఆయన తలుపు తీసి చూస్తే వీధిలో కుక్క తప్ప ఏమీ లేదు. ఆ రోజు ఆయన తిట్టిన తిట్లు ఆమె మర్చిపోలేదు. మర్నాటి నుంచి పొడుగాటి నోటుపుస్తకం ఒకటి పెట్టుకుని, అవతలివాళ్ళు "వచ్చారు, వచ్చారు" అన్న క్షణాన గోడగడియారం చూసి టైము రాసుకోవడం మొదలుపెట్టింది. రాయమని ఎవరూ చెప్పలేదు. రాసింది ఎవరూ చదవలేదు. అలా పద్నాలుగు పుస్తకాలు నిండాయి.

వాటిని మొదట చదివింది యూనివర్సిటీ నుంచి వచ్చిన లెక్కల అమ్మాయి. గణిత నమూనాల మీద పరిశోధన చేస్తోంది. ఏ బండి ఎక్కడ నిలబెడితే జనానికి త్వరగా అందుతుందో కంప్యూటర్‌లో నడిపించి చూస్తానని ఆఫీసులో అనుమతి తెచ్చుకుంది. మాటకు ముందొకసారి, తర్వాతొకసారి 'సగటు' అనేది కాబట్టి, రెండో రోజుకల్లా కంట్రోల్ రూమ్‌లో ఆమె పేరు సగటమ్మ అయిపోయింది. ఆమెకు కోపం రాలేదు. "మా ఇంట్లో ఇంతకంటే ఘోరంగా పిలుస్తారు లెండి" అంది.

మూడు వారాలు తెరలోని టైములన్నీ కాపీ చేసుకున్నాక సగటమ్మ ముఖం వెలిగిపోతూ వచ్చింది. "అక్కా, మీ ఊరు చాలా నయం. సగటున పదకొండు నిమిషాల్లో చేరుతున్నారు!"

పెద్దక్క హెడ్‌సెట్ తీసి ఆమె వైపు తిరిగింది. "అవి బండి చేరిన టైములు కావమ్మా. డ్రైవరు మెమో తప్పించుకున్న టైములు." బీరువా తెరిచి పద్నాలుగు పుస్తకాలూ బల్ల మీద పెట్టింది.

సగటమ్మ మొదటి పుస్తకం తెరిచి నిలబడే చదివింది, తర్వాత కూర్చుంది. అసలు సగటు పద్దెనిమిది నిమిషాలు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఇద్దరూ కలిసి పని చేశారు. పాత పిలుపులన్నీ ఏ రోజు, ఏ గంటకు, ఏ వీధి నుంచి వచ్చాయో అలాగే కంప్యూటర్‌లోకి ఎక్కించి, బళ్ళను మాత్రం ఒక్కోసారి ఒక్కోచోట నిలబెట్టి, జరిగిపోయిన రోజుల్నే మళ్ళీ మళ్ళీ నడిపించేది సగటమ్మ. బడి వదిలే వేళ ఏ రోడ్డు బిగుసుకుపోతుందో, ఏ ఆసుపత్రి గుమ్మంలో బండి అరగంట ఇరుక్కుపోతుందో పెద్దక్క చెప్పేది. రైలు గేటు రోజుకి ఎన్నిసార్లు పడుతుందో చూడ్డానికి ఆ అమ్మాయి పది రోజులు గేటు దగ్గర గొడుగు వేసుకుని కూర్చుంది. ఇరవై రెండుసార్లని తేలింది. ఇన్నేళ్ళుగా తను విన్న కేకలన్నీ ఒక పనికి వస్తున్నాయని పెద్దక్కకు మొదటిసారి అనిపించింది. అన్నతో అదే చెప్పింది. "ఒక్కోటి విని వదిలెయ్యడమే కదా అన్నయ్యా ఇన్నాళ్ళూ. ఇప్పుడవన్నీ కలిపి చూస్తే దారి కనపడుతోంది."

నివేదిక రెండు పేజీల్లో తేలింది. మొదటి పేజీలో: గుట్ట మలుపులో నిలబడే బండి రెండు రోజులకోసారి కదులుతోంది, మార్కెట్ చౌరస్తాలో రోజుకి తొమ్మిది పిలుపులు, అక్కడ బళ్ళు చాలడం లేదు. గుట్ట బండిని చౌరస్తాకి దింపితే ఊరి సగటు పద్దెనిమిది నుంచి పన్నెండుకు వస్తుంది. రెండో పేజీలో: బండి దిగిపోయిన చోట ఒక మోటార్ సైకిల్, దాని మీద గుండెకు షాకిచ్చే యంత్రం, ఆక్సిజన్, శిక్షణ ఉన్న మనిషి. పెద్ద బండి వచ్చేలోపు ఆ మనిషి నాలుగు నిమిషాల్లో చేరతాడు.

బండి పోతోందని తెలిసి గుట్ట కాలనీలో గొడవ మొదలైంది. పై ఆఫీసరును అందరూ పెద్దసారు అనేవారు. ఆయన పెద్దక్కను పిలిపించాడు. "అమ్మా, నేను వెళ్తే రాళ్ళేస్తారు. మీ అన్నయ్య ఉండేది అక్కడేగా. మీరు చెప్తే వింటారు."

"మోటార్ సైకిల్ సంగతి కూడా చెప్పనా సార్?"

"చెప్పండి, చెప్పండి. అదీ నివేదికలో ఉందిగా."

కాలనీ బడి గదిలో డెబ్బై మంది దాకా చేరారు. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నారు. రిటైరైన మేష్టారు లేచి, "మా గుమ్మంలో ఉన్నది పట్టుకెళ్ళి ఇంకోడికిస్తే మాకేంటి లాభం?" అన్నాడు. పెద్దక్క బోర్డు మీద సుద్దతో లెక్క వేసి చూపించింది. కింద బండి అందక ఆ ఏడాది తను ఫోన్లో వింటూ ఉండగానే పోయిన వాళ్ళెందరో చెప్పింది. మోటార్ సైకిల్ వస్తుందని, నాలుగు నిమిషాలని చెప్పింది. "నా మాట నమ్మండి" అని కూడా అంది.

గది వెనక నుంచి ఆమె అన్న లేచాడు. "మా చెల్లి ఇరవై రెండేళ్ళుగా ఈ పని చేస్తోంది. దానికి తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు. నాకు దాని మాట చాలు." మేష్టారు కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కరే చేతులెత్తారు. వదిన అందరికంటే ముందే ఎత్తింది.

వారంలోపే బండి గుట్ట దిగింది. మోటార్ సైకిల్ రాలేదు.

పెద్దక్క నెలకోసారి పెద్దసారు గదికి వెళ్ళి అడిగింది. మొదటిసారి "ఫైలు నడుస్తోంది" అన్నాడు. రెండోసారి "రెండో విడతలో చూద్దాం" అన్నాడు. మూడోసారి ఆయన కుర్చీలోంచి లేచి, "మీకో శుభవార్త" అని ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఆమెను షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేశారు. ఊరి సగటు నిజంగానే పన్నెండుకు వచ్చింది. పక్క ఊళ్ళవాళ్ళు చూసి వెళ్తున్నారు. ఆమెకు గాజు తలుపున్న చిన్న గది ఇచ్చారు. ఎవరైనా సెలవు పెడితే మాత్రం పాత కుర్చీలోకి వచ్చి ఫోన్లు ఎత్తేది. నాలుగోసారి అడగడానికి ఆమె వెళ్ళలేదు. వెళ్ళకూడదని అనుకోలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఐదు నెలలు గడిచిపోయాయి.

ఒక బుధవారం పొద్దున పదింబావు దాటాక ఫోను మోగింది. ఆ రోజు ఒకమ్మాయి సెలవులో ఉంది. పెద్దక్క ఎత్తి, అలవాటైన మాట అంది. "అంబులెన్స్ సర్వీసండీ. అడ్రస్ చెప్పండి."

"నేనే! నేను, వదినని! మీ అన్నయ్య పడిపోయాడు. మిషన్ మీదే పడిపోయాడు, పలకట్లేదు."

ఆమె చెయ్యి దానంతటదే బటన్లు నొక్కింది. చౌరస్తాలో రెండు బళ్ళున్నాయి. ఒకటి కదిలింది. "వదినా, ఊపిరి తీసుకుంటున్నాడా? ఛాతీ చూడు."

"లేదు. ఏమో. గురక లాగా ఒకసారి వచ్చింది."

"కిందికి దించి వెల్లకిలా పడుకోబెట్టు. ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కు. నాతో పాటు లెక్కపెట్టు. ఒకటి, రెండు..."

వదిన లెక్కపెట్టింది. ముప్పై వరకూ వెళ్ళి మళ్ళీ ఒకటి. చౌరస్తా నుంచి గుట్టకు గేటు తెరిచి ఉంటే పద్నాలుగు నిమిషాలు. తెర మీద చుక్క గేటు దగ్గర ఆగింది. గూడ్సు రైలు. పక్క కుర్చీలో ఫోన్లు ఎత్తే కుర్రామె వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "పెద్దక్కా, నాకివ్వండి" అంది. ఆమె తల అడ్డంగా ఊపి లెక్కపెడుతూనే ఉంది. వదినకు ఆయాసం వచ్చి మాట తెగిపోతోంది. "ఇంకా ఎంతసేపే? ఇంకా ఎంతసేపు?"

"వస్తున్నారు వదినా. ఆపకు."

"మలుపులో ఉండేది కదే బండి! ఇక్కడే ఉండేది కదా!"

"ఆపకు వదినా. ఐదు, ఆరు..."

ఇరవై మూడు నిమిషాలకు ఫోన్లో డ్రైవరు గొంతు వినపడింది. వదిన లెక్క ఆగిపోయింది. పెద్దక్క గోడగడియారం చూసి పుస్తకంలో టైము రాసింది. ఇంకో ఫోను మోగితే ఎత్తబోయింది. కుర్రామె ఆమె తల మీంచి హెడ్‌సెట్ తీసేసి, కుర్చీని గోడ వైపు తిప్పింది.

పన్నెండో రోజున ఆమె డ్యూటీకి వచ్చింది. పెద్దసారు గదిలోంచి బయటికి వచ్చి మరీ, "చాలా బాధాకరం. మన చేతుల్లో ఏముందమ్మా" అన్నాడు.

సగటమ్మ కబురు విని యూనివర్సిటీ నుంచి పరుగెత్తుకొచ్చింది. మెట్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. పెద్దక్క ఆమె ఏడుపు అయ్యేదాకా ఆగి అడిగింది. "నాకో లెక్క చేసి పెట్టు. పాత చోట బండి ఉంటే అన్నయ్య బతికేవాడా?"

"వద్దక్కా. ఒక మనిషికి అలా లెక్క కట్టలేం."

"నాకు తెలుసు కట్టలేమని. అయినా కట్టు."

మర్నాడు ఆమె లెక్క తెచ్చింది. చూపులు నేల మీదే పెట్టి చెప్పింది. పాత బండైతే ఆరు నిమిషాల్లో చేరేది. అలా అందినవాళ్ళు పదిమందిలో ముగ్గురు బతుకుతారు. మోటార్ సైకిల్ ఉండుంటే నాలుగు నిమిషాలు, పదిమందిలో నలుగురో ఐదుగురో. ఇరవై మూడు నిమిషాలకైతే ఒక్కరు కూడా కష్టం.

"మరి కింద? ఈ ఏడాది చౌరస్తా వైపు ఎంతమంది బతికి బయటపడ్డారు?"

"పదకొండు మంది దాకా అనుకుంటున్నానక్కా. ఎవరెవరో మాత్రం చెప్పలేను. తాము అలా బతికామని వాళ్ళకీ తెలియదు."

ఆ పదకొండు మంది మీద పెద్దక్కకు కోపం రాలేదు. రావాలని ఒకటి రెండు సార్లు గట్టిగా ప్రయత్నించింది. చౌరస్తాలో నడుస్తూ ఎదురొచ్చిన ముఖాల్ని చూసేది. సంచీ మోస్తున్న ఈ ముసలాయనేనా, పిల్లను ఎత్తుకున్న ఈమేనా? ఎవరైనా కావచ్చు. బండిని దింపడం సరైన పనేనని ఆమెకు అప్పుడూ తెలుసు. దానివల్ల గుండె బరువు తగ్గలేదు సరికదా పెరిగింది. తప్పైతే ఎవరినో ఒకరిని తిట్టి ఊరుకునేది.

ఆ వారమే రెండో పేజీ పట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. లెక్కలున్న కాగితం తిప్పి చూపించాడు. "చూడండమ్మా. ఈ మోటార్ సైకిల్ పెడితే ఊరి సగటు ఎంత తగ్గుతుంది? పదకొండు సెకన్లు. పదకొండు సెకన్ల కోసం పైవాళ్ళను ఏ మొహం పెట్టుకుని అడగను?"

"సార్, సగటు మనిషి అని ఒకడుంటాడే, ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా అతని ఫోను నేను ఎత్తలేదు. చేసేవాళ్ళందరూ ఎక్కడో ఒక వీధిలో ఉంటారు."

"మీరు బాధలో ఉన్నారు" అన్నాడాయన. ఆ మాటతో సంభాషణ అయిపోయింది. రెండు నెలల తర్వాత ఆ సగటుకే ఆయనకు బహుమానం వచ్చింది. సన్మానం రోజు పెద్దక్క సెలవు పెట్టింది.

సగటమ్మ తన తప్పు తానే ఒప్పుకుంది. "రెండో పేజీ వేరేగా రాయడమే నేను చేసిన పాపం అక్కా. చించుకోడానికి వీలుగా ఇచ్చాను. రెండూ కలిస్తేనే ఈ లెక్క నిలబడుతుందని రాసి ఉండాల్సింది." ఆమె కంప్యూటర్ నమూనాను మొదటినుంచీ మార్చింది. ఈసారి సగటు ఒక్కటే చూడకుండా, ఊళ్ళో ఏ మూలనున్న మనిషీ పది నిమిషాలకు మించి ఎదురుచూడకూడదన్న షరతు ముందే పెట్టింది. తీరా చూస్తే ఆ షరతు వల్ల సగటు చెడింది నలభై సెకన్లే. ఆ పరిశోధన అచ్చయింది. దూరాన ఇంకో ఊరివాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు అమలు చేశారు. అక్కడ బాగా పని చేసిందట.

పెద్దక్క ఆ అచ్చు కాగితాలు పట్టుకుని గుట్ట మీదికి వెళ్ళింది. వదిన తలుపు తీసింది, మంచినీళ్ళు ఇచ్చింది, ఎదురుగా కూర్చుంది. దుకాణం గదిలో రిపేరుకొచ్చిన మిషన్లు ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. గోడకు మేకులు మిగిలాయి. పెద్దక్క చెప్పుకుంటూ పోయింది. పదకొండు మంది, రెండో పేజీ, కొత్త లెక్క. వదిన మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక అంది.

"నీ లెక్క తప్పని నేననట్లేదు. నువ్వు కావాలని చేశావనీ అనట్లేదు. కానీ ఆ సారు వచ్చి చెప్పుంటే మేం ఒప్పుకునేవాళ్ళం కాదు. నువ్వు చెప్పావు కాబట్టి చెయ్యెత్తాను."

"వదినా..."

"నాతో ఒకటి, రెండు అని లెక్కపెట్టించావు చూడు. ఇప్పటికీ డబ్బాలో గింజలు లెక్కపెట్టాలన్నా ముప్పై దగ్గరికి వచ్చి ఆగిపోతున్నా. నువ్వు ఇంక రాకమ్మా. నిన్ను చూస్తే నాకు ఆయన కాదు, ఆ లెక్క గుర్తొస్తోంది."

పెద్దక్క గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసింది. మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. వదిన ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయిన సంగతి కూడా మేష్టారు చెప్తే తెలిసింది.

పెద్దసారు రిటైరై కొత్తాయన వచ్చాక, అన్న పోయిన రెండున్నరేళ్ళకు, గుట్ట మలుపులో మోటార్ సైకిల్ పెట్టారు. ఆర్నెల్లలో అది ఇద్దరిని కాపాడింది. ఒకరు ఆ మేష్టారే. ఆయన కంట్రోల్ రూమ్‌కి నడుచుకుంటూ వచ్చి, "మీ మాట నిలబెట్టుకున్నారమ్మా" అని చేతులు పట్టుకున్నాడు. ఆమె ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించింది.

ఆ మరుసటి ఏడాది పాత మిల్లు దగ్గరి బండిని కొత్త బస్టాండుకు మార్చాలన్నారు. లెక్క సరిగ్గానే ఉంది, పెద్దక్క రెండుసార్లు చూసింది. మిల్లు దగ్గర కూడా మోటార్ సైకిల్ పెట్టాలని అందులోనే, అదే పేజీలో రాసి ఉంది. కొత్త ఆఫీసరు మర్యాదగా అడిగాడు. "మిల్లువాళ్ళు మీరు చెప్తే వింటారు మేడమ్."

"ముందు మోటార్ సైకిల్ తెచ్చి అక్కడ నిలబెట్టండి సార్. అప్పుడు నేనే వెళ్ళి చెప్తా."

"అది వస్తుంది, కాస్త ఆలస్యమవుతుందంతే. ఈలోపు బస్టాండు దగ్గర జనం చచ్చిపోతున్నారు కదా?"

అదీ నిజమే. అయినా వెళ్ళనంది. ఆమె బదులు ఆ రోజు హెడ్‌సెట్ తీసేసిన కుర్రామె వెళ్ళింది. బాగా మాట్లాడిందట. మిల్లువాళ్ళు చేతులెత్తారు. బండి మర్నాడే బస్టాండుకు వెళ్ళింది.

మోటార్ సైకిల్ ఎనిమిది నెలలకు వచ్చింది. ఆ ఎనిమిది నెలలూ మిల్లు వైపు నుంచి ఫోను వచ్చిందంటే పెద్దక్క గాజు గదిలోంచి లేచి వచ్చి, ఆ కుర్రామె కుర్చీ వెనక నిలబడేది. అదృష్టం బాగుండి అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఆఫీసులో అందరూ ఊపిరి పీల్చుకుని, ముందు బండి తీసేసి తర్వాత మోటార్ సైకిల్ తెచ్చే ఈ పద్ధతి బాగానే ఉందనుకున్నారు.